పుండు అంచున బూజు

(యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృత్యర్థం చేసిన ఉపన్యాస పాఠం)



సుబ్బారావుగారి పేరు మీద జరిగే సభలో కడుపు జబ్బు గురించి మాట్లాడడానికి నాకు రెండు కారణాలున్నాయి. మొదటిది ఆయన సొంత జీవితం. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన, చదువుకునే వయసులోనే తన సోదరులిద్దరిని కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే పేగు జబ్బుకు పోగొట్టుకున్నారు. తరవాత అదే జబ్బు ఆయన్నీ పట్టుకుంది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో లేచి తిరిగారు. తిన్నది ఒంటికి పట్టకపోవడమంటే ఏమిటో ఆయనకు పుస్తకం చెప్పనక్కర్లేకపోయింది. 1923లో బోస్టన్ చేరారు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు, 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లి అక్కడి పరిశోధనలను నడిపించారు. ఆ చరిత్ర మీకందరికీ తెలిసిందే.

రెండో కారణం ఆయన మందులు. ఆయన ఆధ్వర్యంలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. అది 1948లో వైద్యలోకానికి అందింది. అదే ఏడాది బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి, ఆ జబ్బు కొన్నాళ్లయినా వెనక్కి తగ్గుతుందని మొదటిసారి చూపించారు. ఆ మందు తయారైందీ సుబ్బారావుగారి బృందం చేతుల్లోనే. ఆ ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు. ఈ రెండు రకాల మందులు ఎన్ని ప్రాణాలు నిలబెట్టాయో లెక్కకు అందదు. వాటితోపాటు ఆస్పత్రుల్లోకి ఒక కొత్త రోగి కూడా వచ్చాడు. బాక్టీరియా చేతిలో చావకుండా, కాన్సరు చేతిలో చావకుండా, రక్షణ కణాలు తగ్గిపోయిన ఒంటితో బతుకుతున్న మనిషి. ఆ ఒంట్లో బూజుకు చోటు దొరుకుతుంది. ఆరియోమైసిన్ లాంటి మందులు వాడకంలోకి వచ్చిన కొన్నేళ్లకే నోట్లో, పేగుల్లో కాండిడా పెరగడం డాక్టర్లు గమనించారు. టెట్రాసైక్లిన్‌తోపాటు ఫంగస్ మందు నిస్టాటిన్‌ను ఒకే క్యాప్సూల్‌లో కలిపి అమ్మిన రోజులూ ఉన్నాయి. ఇందులో సుబ్బారావుగారి తప్పేమీ లేదు. ప్రాణం నిలిపే ప్రతి మందు వెనకా ఇంకో పని మిగులుతుంది. ఆ పని మన తరానిది. అన్నట్టు, 1953లో హెసెల్టైన్ అనే శాస్త్రవేత్త ఒక శిలీంధ్ర ప్రజాతికి ఆయన పేరే పెట్టాడు. సుబ్బరోమైసిస్ అంటే మన భీమవరం సుబ్బారావుగారే.

ఇక విషయానికి వస్తాను.

కడుపులో చిల్లు పడిందంటే మన సర్జన్ల మనసు మూడు చోట్లకు పోతుంది. ఒకటి హెలికోబాక్టర్ పైలోరై తెచ్చిన పుండు. రెండోది మోకాళ్ల నొప్పులకని మందుల షాపులో కొని రోజూ మింగే మాత్రలు. మూడోది కాన్సరు. మార్షల్, వారెన్ పెర్త్‌లో ఆ బాక్టీరియాను పెంచి చూపించింది 1982లో, నోబెల్ బహుమతి వచ్చింది 2005లో. ఆ మధ్య కాలంలో పుండు వైద్యం మొత్తం తిరగబడింది. అయినా చిల్లు పడి వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. రాత్రి ఒక్కసారిగా పొడిచినట్టు నొప్పి లేస్తుంది. గ్యాస్ అనుకుని ఇంట్లో సోడా తాగిస్తారు, ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక సూది వేస్తాడు, తెల్లారేసరికి మన దగ్గరికి తీసుకొస్తారు. పొట్ట బిగుసుకుపోయి చెయ్యి వెయ్యనివ్వరు. నిలబెట్టి ఛాతీ ఎక్స్‌రే తీస్తే డయాఫ్రం కింద గాలి కనిపిస్తుంది. పొట్ట తెరిస్తే ఎక్కువసార్లు డుయోడినం మొదటి భాగంలో, ముందు గోడ మీద, చిన్న రంధ్రం. టొరంటో సర్జన్ రాస్కో గ్రాహం పేరుతో పిలిచే పద్ధతిలో ఓమెంటం కొవ్వు పొరను దాని మీదికి లాగి కుట్లు వేసి, పొట్ట శుభ్రంగా కడిగి మూసేస్తాం. ఈ వరస మనకు చేతికి వచ్చేసింది. రాత్రి రెండు గంటలకు నిద్రమత్తులో కూడా చెయ్యగలం.

చేతికి వచ్చిన పనిలో కన్ను ఏమరుపాటు పడుతుంది. నా మాటంతా ఆ ఏమరుపాటు గురించే.

ఆ వరసలో ఇమడని చిల్లు ఎలా ఉంటుందో చెబుతాను. ఇది ఏ ఒక్కరి కథా కాదు, చూసినవీ చదివినవీ కలిపి చెబుతున్నది. యాభై దాటిన మనిషి. షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటే వేసుకున్నాడు, లేకపోతే లేదు. ఊపిరితిత్తుల జబ్బుకో, కీళ్ల జబ్బుకో, 2021లో అయితే కొవిడ్‌కో, స్టెరాయిడ్ పడింది. షుగర్ నాలుగు వందలు దాటింది. ఐసీయూలో ముక్కు గొట్టంలోంచి కాఫీ పొడి రంగులో స్రావం వస్తోంది. స్ట్రెస్ పుండు అనుకుని పాంటాప్ డ్రిప్ పెట్టారు. పొట్ట కాస్త ఉబ్బింది గాని బిగుసుకోలేదు, ఎందుకంటే స్టెరాయిడ్ వాడే మనిషిలో పొట్ట లోపల చీము పట్టినా పైకి మెత్తగానే ఉండవచ్చు. నాడి వేగం పెరిగింది, రక్తంలో లాక్టేట్ పెరిగింది. సీటీ తీశారు. జీర్ణాశయం గోడలో ఒక భాగం రంగు మందు తీసుకోలేదు, గోడ మందంలోనే గాలి బుడగలు ఉన్నాయి. పొట్ట తెరిచారు. అక్కడ పెసరగింజంత రంధ్రం లేదు. అరచేతంత మేర గోడ బూడిదరంగుకీ నలుపుకీ మధ్య తిరిగి, మధ్యలో చివికిపోయి ఉంది. అంచు కత్తిరిస్తే రక్తం రాదు. కుట్టు వేస్తే దారం కోసుకుని బయటికి వచ్చేస్తుంది, నానిన కాగితాన్ని కుట్టబోయినట్టు.

ఆ క్షణంలో సర్జన్ తనను తాను ఒక ప్రశ్న వేసుకోవాలి. జీర్ణాశయం కుళ్లడమేమిటి?

నిజంగా ఆశ్చర్యపడవలసిన సంగతే అది. ఒంట్లో జీర్ణాశయానికి ఉన్నంత రక్త సరఫరా చాలా అవయవాలకు లేదు. ఎడమ గాస్ట్రిక్, కుడి గాస్ట్రిక్, రెండు గాస్ట్రోఎపిప్లోయిక్ ధమనులు, ప్లీహం వైపు నుంచి వచ్చే పొట్టి ధమనులు, ఇన్ని దారుల్లో రక్తం వచ్చి గోడ లోపల ఒకదానితో ఒకటి కలిసిపోతుంది. ఒకటి రెండు దారులు మూసినా మిగతావి ఆదుకుంటాయి. అందుకే పేగు కుళ్లడం తరచుగా చూస్తాం, జీర్ణాశయం కుళ్లడం చాలా తక్కువ. అది కుళ్లిందంటే ఆలోచించవలసిన కారణాలు కొన్నే. కడుపు మెలిపడడం, యాసిడ్ తాగడం, విపరీతంగా ఉబ్బిపోయి గోడలో ఒత్తిడి పెరగడం, రక్తనాళాల్లో గడ్డలు. ఆ జాబితాలో చివర రాసేది, మనం మరిచిపోయేది, మ్యూకర్ జాతి బూజు.

మ్యూకర్‌మైకోసిస్ కొత్త జబ్బు కాదు. 1885లోనే జర్మన్ భాషలో పాల్టాఫ్ దాన్ని వర్ణించాడు. దానికి కారణమైన బూజుల్లో ముందు వరసలో ఉండేది రైజోపస్. నిలవ రొట్టె మీద, కుళ్లిన పండు మీద, తడిసిన గడ్డి మీద మనం రోజూ చూసేదే. దాని బీజాలు గాలిలో ఉంటాయి, తిండిలో ఉంటాయి, మనమందరం పీలుస్తూనే, మింగుతూనే ఉంటాం. తెల్ల రక్తకణాలు వాటిని పట్టి చంపేస్తాయి. షుగర్ అదుపు తప్పి రక్తం ఆమ్లగుణానికి తిరిగినప్పుడు మాత్రం రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. తెల్ల కణాలు మొద్దుబారతాయి. రక్తంలో ట్రాన్స్‌ఫెరిన్ పట్టి ఉంచిన ఇనుము వదులై పోతుంది, ఆ ఇనుము ఈ బూజుకు మేత. రక్తంలో ఇనుము ఎక్కువైన రోగులకు ఇచ్చే డిఫెరాక్సమైన్ అనే మందు కూడా ఇదే బూజుకు ఇనుము అందించిందని తరవాత తేలింది. బీజం మీద కాట్‌హెచ్ అనే ప్రొటీన్, రక్తనాళం లోపొర మీద జీఆర్‌పీ78 అనే ప్రొటీన్, ఈ రెండూ తాళంచెవి, తాళం. షుగరూ ఇనుమూ పెరిగినప్పుడు తాళాలు ఎక్కువవుతాయి. అలా బూజు పోగు ధమని గోడలోకి దూరుతుంది, లోపల రక్తం గడ్డ కడుతుంది, దాని అవతలి కండరం చచ్చిపోతుంది. చచ్చిన కండరంలోకి మందు వెళ్లదు, తెల్ల కణాలు వెళ్లవు, బూజు మాత్రం పెరుగుతుంది. ముందే ఉన్న చిన్న పుండు దీనికి వాకిలి అవుతుంది.

ఇప్పుడు కాండిడా సంగతి. దీన్ని మ్యూకర్‌తో కలిపి ఒకే గాటన కట్టేస్తారు, అది సరికాదు. కాండిడా మన పేగుల్లో మామూలుగా కాపురముండే ఈస్ట్. యాసిడ్ తగ్గించే మాత్రలు నెలల తరబడి వాడేవాళ్ల కడుపులోనూ నిలవగలదు. మామూలు పెప్టిక్ పుండు చిల్లు పడి వచ్చినవాళ్ల పొట్టలోని ద్రవాన్ని కల్చర్‌కు పంపితే, చాలామందిలో అది పెరుగుతుంది. పెరిగినంత మాత్రాన చిల్లుకు అదే కారణం అనడానికి వీల్లేదు. పుండు నేల మీద పైపైన ఉన్న ఈస్ట్ అక్కడికి వచ్చి చేరినదే కావచ్చు. గోడ లోతుల్లోకి, కండరంలోకి, రక్తనాళాల్లోకి పోగులు చొచ్చుకుని పోయినట్టు సూక్ష్మదర్శినిలో కనిపిస్తేనే కాండిడా చిల్లు వేసిందనాలి. అలాంటి కేసులు ఉన్నాయి, అవి నిజంగా అరుదు. మామూలు పుండు చిల్లు అయ్యి, కుట్టిన మర్నాటికి రోగి కోలుకుంటుంటే, ద్రవంలో కాండిడా వచ్చిందని మందు మొదలుపెట్టనక్కర్లేదని నా అభిప్రాయం. ఐసీయూలో కిందకి జారుతున్న రోగి, కుట్టు ఊడి మళ్లీ పొట్ట తెరిచిన రోగి, అలాంటివాళ్లలో మాత్రం ఆలస్యం చెయ్యకూడదు. ఈ రెంటి మధ్య చాలామంది ఉంటారు. వాళ్ల విషయంలో సర్జన్లలో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు, దాన్ని దాచిపెట్టి మీకు పాఠం చెప్పలేను.

మ్యూకర్ దగ్గర ఈ మీమాంస లేదు. కుళ్లిన గోడలో దాని పోగులు కనిపించాయంటే అదే దోషి.

అది కడుపులోకి ఎలా చేరుతుందన్న ప్రశ్నకు స్పెయిన్‌లో ఒక జవాబు దొరికింది. యువ డాక్టర్లు దీన్ని మనసు పెట్టి వినాలి. ఒకే ఐసీయూలో కొన్ని వారాల వ్యవధిలో ఐదుగురికి జీర్ణాశయపు మ్యూకర్‌మైకోసిస్ వచ్చింది. అంత అరుదైన జబ్బు ఒకే గదిలో ఐదుగురికి రావడమేమిటని అక్కడి డాక్టర్లు వెతకడం మొదలుపెట్టారు. గాలి చూశారు, నీళ్లు చూశారు. చివరికి దొరికింది చెక్క పుల్ల. నాలుక అదిమి గొంతు చూడడానికి వాడే చెక్క పుల్లలు మనందరికీ తెలుసు. ఆ ఐసీయూలో వాటితో నర్సులు మాత్రల పొడిని నీళ్లలో కలిపి ముక్కు గొట్టంలో పోస్తున్నారు. ఆ పుల్లల్లో రైజోపస్ ఉంది. పుల్లలు ఆపేశారు, జబ్బు ఆగిపోయింది. ఈ నివేదిక 2004లో అచ్చయింది. అంతకు ముందే, 1990లలో, బ్రిటన్‌లో నెలలు నిండని పసిపిల్లల చేతికి సెలైన్ సూది కదలకుండా కట్టిన చెక్క పుల్లల నుంచి ఇదే బూజు వాళ్ల చర్మంలోకి వెళ్లింది. ఆ తరవాత హాంగ్‌కాంగ్‌లో రక్త కాన్సరు రోగుల పేగుల్లోకి అల్లోప్యూరినాల్ మాత్రల ద్వారా చేరింది. మాత్రల తయారీలో వాడే మొక్కజొన్న పిండిలో అది ఉంది. 2014లో అమెరికాలో నెలలు నిండని ఒక పసికందుకు మేలు చేస్తుందని ఇచ్చిన ప్రొబయాటిక్ పొడిలో బూజు ఉంది. ఆ బిడ్డ పేగులు కుళ్లి చనిపోయింది.

ఈ నాలుగు సంఘటనల్లోనూ చెడు ఉద్దేశం ఎవరికీ లేదు. అందరూ రోజూ చేసే పనే చేశారు. ఆరోగ్యవంతుడి కడుపులో ఆ బీజం పడితే ఏమీ అయ్యేది కాదు. మన ఐసీయూల్లో మాత్రలు దేనితో నూరుతున్నారో, దేనితో కలుపుతున్నారో, ఆ రోలు ఎప్పుడు కడిగారో ఈ సాయంత్రమే వెళ్లి చూడండని సీనియర్ సిస్టర్లను కోరుతున్నాను. నేను చాలా వార్డుల్లో అడిగాను. అడిగిన చోటల్లా ఆ రోజు నుంచి రోలు మారింది. అంతకు ముందు ఎవరూ అడగలేదు, అంతే.

పసిపిల్లల మాట వచ్చింది కనుక ఒక్క మాట. నెలలు నిండని శిశువుల్లో పేగు కుళ్లి చిల్లు పడితే మనం ఎన్‌ఈసీ అని రాసేస్తాం. మ్యూకర్ కూడా అచ్చం అలాగే కనిపిస్తుంది. మన దేశం నుంచి ఈ రకం కేసులు ఎన్నో వైద్య పత్రికల్లో వచ్చాయి. వాటిలో చాలావరకు కోసి తీసిన పేగును పాథాలజిస్టు చూశాకే బయటపడ్డవి.

2021 వేసవిని ఇక్కడున్నవాళ్లెవరూ మరిచిపోలేదు. మే నెలలో తెలంగాణ ప్రభుత్వం బ్లాక్ ఫంగస్‌ను నోటిఫై చేసింది, కోఠీ ఈఎన్‌టీ ఆస్పత్రిని నోడల్ కేంద్రంగా ప్రకటించింది. మెట్ల మీద, వరండాల్లో ఒక కంటికి గుడ్డ కట్టుకుని కూర్చున్న మనుషులను చూసినవాళ్లం. ఆ జూలైలో కేంద్రం పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం దేశంలో 45 వేలకు పైగా కేసులు, 4,300కు పైగా మరణాలు. అందులో అత్యధిక భాగం ముక్కు, కన్ను, మెదడు. కడుపులో వచ్చినవి కొద్ది. ఆ కొద్దిలో జీర్ణాశయం చిల్లు పడినవి ఇంకా కొద్ది. కన్ను వాస్తే ఇంట్లోవాళ్లే ఫోటో తీసి పంపారు, ముక్కులో నల్లటి పొర కనబడితే కాంపౌండరు కూడా గుర్తుపట్టాడు. కడుపులో నల్లబడిన గోడను ఎవరు చూస్తారు? ఎండోస్కోపీ చేసినవాడు చూడాలి, లేదా పొట్ట తెరిచినవాడు చూడాలి. ఆ రెండూ జరగకుండా పోయిన రోగుల సర్టిఫికెట్ మీద కొవిడ్ అనో, సెప్సిస్ అనో రాసి ఉంటుంది. అందుకే కడుపు మ్యూకర్ లెక్కలను నేను పూర్తిగా నమ్మను. మన దేశంలో ఈ జబ్బు ప్రపంచ సగటు కంటే డెబ్బై రెట్లు ఎక్కువ ఉంటుందని చండీగఢ్ పీజీఐలో అరుణాలోక్ చక్రవర్తిగారు, ఆయన సహచరులు అంచనా వేశారు. అది కొవిడ్‌కు ముందటి మాట. 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అక్టోబరులో ప్రమాదకర శిలీంధ్రాల జాబితాను మొదటిసారి ప్రకటించినప్పుడు మ్యూకర్ వర్గాన్ని రెండో మెట్టు మీద పెట్టింది. మన దగ్గర అది ఇంకాస్త పైన ఉండాలని నా అభిప్రాయం.

మరణాల సంగతి దాచను. 2005లో అచ్చైన ఒక పెద్ద సమీక్షలో 929 మ్యూకర్ కేసులు పోగుచేసి చూస్తే, కడుపు, పేగుల్లో వచ్చినవి ఏడు శాతం. వాటిలో మరణాలు 85 శాతం. ఆ తరవాత మందులు మెరుగయ్యాయి, అయినా ఇది ఇప్పటికీ భయంకరమైన జబ్బే. ఆ మిగిలిన కొద్దిమందిని బతికించింది ఏమిటని ఆ కేసులు ఒక్కొక్కటే చదివితే, దాదాపు ప్రతిచోటా మూడు పనులు కలిసి కనిపిస్తాయి. ఎవరో ఒకరు ముందే అనుమానించారు, కుళ్లిన భాగాన్ని రక్తం కారే అంచు వచ్చేదాకా కోసి తీసేశారు, మందు అదే రోజు మొదలైంది.

ఓమెంటం అతికి బయటికి రావడం ఇక్కడ పనికిరాదు. చచ్చిన గోడ మీద ఏ అతుకూ నిలవదు. కొంత భాగమో, అవసరమైతే జీర్ణాశయం మొత్తమో తీసెయ్యాలి. రోగి ఆ పూట తట్టుకోలేకపోతే కుళ్లింది తీసి, చివరలు మూసి, ఇరవైనాలుగు గంటల నుంచి నలభై ఎనిమిది గంటల్లో మళ్లీ పొట్ట తెరిచి చూడాలి. సర్జన్లకు ఇది ధైర్యం కావలసిన నిర్ణయం. బంధువులతో మాట్లాడేటప్పుడు "చిల్లు కుట్టాం" అని చెప్పడం తేలిక, "కడుపు తీసెయ్యాలి" అని చెప్పడం కష్టం. చెప్పాలి.

ఇక నేను ఇంతసేపూ చెప్పదలచుకున్న పని. తీసిన ముక్కను ఏం చేస్తారు? మన థియేటర్లలో నూటికి తొంభై తొమ్మిది సార్లు సిస్టర్ ఫార్మలిన్ డబ్బా చాపుతుంది, సర్జన్ అందులో పడేస్తాడు. ఫార్మలిన్‌లో పడిన కణజాలంలో బూజు చచ్చిపోతుంది. పాథాలజిస్టు పోగులను చూడగలడు గాని, మైక్రోబయాలజిస్టు దాన్ని పెంచలేడు, ఏ జాతో చెప్పడం కష్టమైపోతుంది. అందుకని రెండు డబ్బాలు. ఒకటి ఫార్మలిన్‌ది. రెండోది శుభ్రమైన సెలైన్‌ది, అది నేరుగా మైక్రోబయాలజీకి వెళ్లాలి. అంచు నుంచి, లోతుగా, బతికున్న కండరమూ చచ్చిన కండరమూ కలిసేచోటు నుంచి తియ్యాలి. నల్లటి పొర ఒక్కటే గీకి పంపితే చెత్త తప్ప ఏమీ కనపడదు.

అవతల ల్యాబులో ఉన్న మిత్రులకూ ఒక మనవి. ఈ ముక్కను మెత్తగా నూరకండి. మ్యూకర్ పోగుల్లో అడ్డుగోడలు దాదాపు ఉండవు, నూరితే పోగు చితికి లోపలిదంతా కారిపోయి కల్చర్‌లో ఏమీ మొలవదు. బ్లేడుతో చిన్న చిన్న ముక్కలుగా తరిగి వెయ్యాలి. కల్చర్ కోసం రోజుల తరబడి ఆగనక్కర్లేదు. ఒక ముక్కను గాజు పలక మీద పెట్టి పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, కాసేపు ఆగి చూస్తే వెడల్పాటి పోగులు, ఇంచుమించు లంబకోణంలో చీలిన కొమ్మలు అప్పుడే కనిపిస్తాయి. ఆస్పర్‌జిల్లస్ అయితే పోగులు సన్నగా, అడ్డుగోడలతో, వాలు కొమ్మలతో ఉంటాయి. కాండిడా అయితే గుండ్రటి ఈస్ట్ కణాలు కనిపిస్తాయి. ఈ తేడా చూడడానికి అరగంట చాలు. ఆ అరగంట మీద మందు ఎంపిక ఆధారపడి ఉంది. రక్తంలో చేసే బీటా గ్లూకాన్, గెలాక్టోమానన్ పరీక్షలు మ్యూకర్‌ను పట్టవు. అవి నెగెటివ్ వచ్చాయని ఫంగస్ లేదని రాసిన కేస్‌షీట్లు నేను చూశాను.

మందు విషయానికి వస్తే, కాండిడాకు వాడే ఫ్లూకోనజోల్ మ్యూకర్‌ను ఏమీ చెయ్యలేదు. వోరికోనజోల్ చెయ్యలేదు. కాస్పోఫంగిన్ కోవ మందులు కూడా దీని మీద ఆధారపడదగ్గవి కావు. "యాంటీఫంగల్ ఇస్తున్నాం" అన్న మాట విని ఊరుకోకండి, ఏది ఇస్తున్నారో అడగండి. ఇవ్వవలసింది యాంఫోటెరిసిన్. దాన్ని 1950లలో స్క్విబ్ కంపెనీ శాస్త్రవేత్తలు వెనిజువెలాలో ఓరినోకో నది ప్రాంతపు మట్టిలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ నుంచి తీశారు. సుబ్బారావుగారి ఆరియోమైసినూ మట్టి నుంచి వచ్చినదే, ఆ రెండు సూక్ష్మజీవులూ ఒకే ప్రజాతివి. లైపోసోమల్ రకం అయితే కిలో బరువుకు రోజుకు కనీసం 5 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి 300 మిల్లీగ్రాములు, అంటే 50 మిల్లీగ్రాముల వయల్స్ ఆరు, ప్రతి రోజూ, వారాల తరబడి. సెలైన్‌లో కలిపితే అవక్షేపం దిగి పనికిరాదు, 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి. పొటాషియం, మెగ్నీషియం పడిపోతాయి, కిడ్నీ దెబ్బతింటుంది, రోజూ చూసుకోవాలి. రోగి నోటితో తీసుకోగలిగాక పోసకోనజోల్ గాని, ఐసావుకోనజోల్ గాని.

ఆ ఆరు వయల్స్ దగ్గరే సామాన్యుడి ఇల్లు కూలిపోతుంది. 2021లో ఈ మందు కోసం మనుషులు రాష్ట్రాలు దాటి తిరిగారు, పొలాలు తాకట్టు పెట్టారు. ఆ జూన్‌లో జీఎస్టీ మండలి దీని మీద పన్ను తీసేసింది, అప్పటికి చాలామందికి ఆలస్యమైపోయింది. ప్రతి బోధనాస్పత్రి ఫార్మసీలో ఒక రోగికి మొదటి మూడు రోజులకు సరిపడా వయల్స్ ఎప్పుడూ నిల్వ ఉండాలి. పద్దెనిమిది వయల్స్. అవి గడువు తీరి పారెయ్యాల్సి వచ్చినా సరే ఉండాలని నేను గట్టిగా అంటాను. ఇండెంట్ రాసి, సంతకాలు చేయించి, మందు వచ్చేసరికి రోగి ఉండడు.

అలాగే బోధనాస్పత్రుల్లో రాత్రిపూట ఆ పొటాషియం హైడ్రాక్సైడ్ స్లయిడ్ చూసే మనిషి ఉండాలి. ఇప్పుడు చాలాచోట్ల సాయంత్రం నాలుగు దాటితే ఫంగస్ విభాగం తలుపు వేసి ఉంటుంది. దీనికి కోట్ల పరికరాలు అక్కర్లేదు, ఒక సూక్ష్మదర్శిని, ఒక సీసా, శిక్షణ పొందిన ఒక పీజీ విద్యార్థి ఉంటే చాలు. మైక్రోబయాలజీ శాఖాధిపతులు ఈ సభలో ఉన్నారు కనుక వారి సమక్షంలోనే అడుగుతున్నాను.

వెనక నిలబడ్డ హౌస్‌సర్జన్లకు చివరగా చెప్పేది, ఈ రాత్రి డ్యూటీ ఉన్నవాళ్లకు మరీ ముఖ్యంగా. చిల్లు అంచు నల్లగా ఉన్నా, కోస్తే రక్తం రాకపోయినా, రోగికి షుగర్ గాని, స్టెరాయిడ్ గాని, కాన్సరు మందు గాని, అవయవ మార్పిడి గాని ఉన్నా, రెండో డబ్బా అడగండి. సిస్టర్ తెచ్చేదాకా ముక్కను చేతిలోనే పట్టుకోండి. ఫారం మీద "పెర్ఫొరేషన్ అంచు" అని మాత్రం రాసి వదిలెయ్యకండి. షుగర్ ఎంతో, స్టెరాయిడ్ ఎన్నాళ్లో, "ఫంగస్ కోసం చూడండి, ఈ రాత్రే చెప్పండి" అని రాయండి. కింద మీ సెల్ నంబరు వెయ్యండి. ముక్క తీసుకెళ్లే మనిషి చేతికి ఇచ్చి ఊరుకోకుండా ల్యాబుకు మీరే ఒకసారి ఫోన్ చెయ్యండి. తిరిగి వాళ్లు చేసినప్పుడు ఆ ఫోన్ ఎత్తండి.